మనం తాగని చెరువు ఎవరిది?

(శంషాబాద్ దగ్గరి సాతంరాయిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారు బడిలో భూగోళం చెప్పినవారు. గంగా యమునల కంటే ముందు ఊరి వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో పిల్లల చేత పటం గీయించేవారని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం పెద్దది. పర్యావరణ విధ్వంసానికి మూలకారణాలేమిటి, వాటి గురించి తత్వచింతన ఏమంటున్నది అని అడిగారు. దాన్ని మాస్టారి పద్ధతిలోనే మన కాళ్ల కింది నేల నుంచి మొదలుపెడతాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. మనిషి తాను దేని మీద ఆధారపడి బతుకుతున్నాడో అది కళ్లకు కనిపించినంతకాలం దాన్ని కాపాడుకుంటాడు. కనబడకుండా పోయిన రోజున దాన్ని చెరిపేయడానికి వెనుకాడడు. ఆ ఆధారం నిజంగా ఎక్కడికీ పోదు, మన చూపు నుంచి తప్పుకుంటుంది. దురాశ, అజ్ఞానం, జనాభా, పరిశ్రమలు అంటూ విధ్వంసానికి రకరకాల కారణాలు చెబుతుంటారు. వాటన్నిటికీ తలుపు తీసేది ఈ మరుపేనని నా నమ్మకం. శంషాబాద్ చుట్టుపక్కల నూరేళ్ల చరిత్ర చూస్తే ఆ నమ్మకం మరింత గట్టిపడుతుంది.

1. శంషాబాద్‌లో కురిసిన వాన

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు కథ నగరంలో చాలామందికి తెలుసు. ఆ వరద ఎక్కడ పుట్టిందో మాత్రం అంతగా తెలియదు.

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరద లెక్కలన్నీ తీశారు. మూసీ పరీవాహక ప్రాంతంలో వానను కొలిచే కేంద్రాల్లో ఒకటి అప్పట్లో శంషాబాద్‌లో ఉండేది. అక్కడ 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. నగరానికి ఎగువన ఈ పరీవాహకంలో 788 చెరువులుండేవి, అంటే దాదాపు చదరపు మైలుకొకటి. వాటిలో 221 తెగాయి. తెగినవాటిలో 182 మూసీలో కలిసే ఈసీ వాగు వైపువే. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడింది. అదీ తెగితే రెండింటి నీరూ మూడోదాని మీద పడింది. గొలుసు మొత్తం విడిపోయి నగరం మీదికి ఒక్కసారిగా వచ్చింది.

ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది, చార్మినార్ దగ్గర బతికే మనిషి ప్రాణం శంషాబాద్ దగ్గరి కుంట కట్ట బలం మీద ఆధారపడి ఉంది. ఆ మనిషి ఆ కుంటను ఎన్నడూ చూసి ఉండడు, దాని నీరు తాగి ఉండడు. అయినా ఆ కట్ట గట్టిగా ఉన్నన్నాళ్లే అతని ఇల్లు నిలుస్తుంది. రెండోది, విశ్వేశ్వరయ్య చెప్పిన పరిష్కారం. వరదను నగరానికి ఎగువనే ఆపాలన్నారు. ఆ ఆలోచన నుంచే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ జలాశయాలు మొదట వరద నుంచి రక్షణ కోసం కట్టినవి, మంచినీళ్లు వాటి రెండో పని. ఈ వరుస గుర్తుంచుకోమని కోరుతున్నాను. తర్వాత వచ్చిన తప్పు లెక్కకు మూలం ఈ వరుసను మరిచిపోవడంలోనే ఉంది.

2. దూరమైపోయిన నీళ్లు

గండిపేట అని పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ నీళ్ల మీద నగరానికి ఒకప్పుడు ఎంతో మమకారం ఉండేది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని పెద్దలు అనేవారు. నీళ్లు ఎక్కడివో ప్రతి ఇంటికీ తెలిసిన కాలమది. తర్వాత నగరం పెరిగింది. 1965లో మంజీరా నీళ్లు వచ్చాయి. 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి వచ్చాయి. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు అంతకంటే ఎక్కువ దూరం దాటి వచ్చాయి. పెరిగే నగరానికి నీళ్లు కావాలి, ఆ పథకాలు రాకపోతే లక్షల ఇళ్లు ఎండిపోయేవి. ఆ నీళ్లు తెచ్చిన ఇంజనీర్లకు మనం రుణపడి ఉన్నాం.

కాని నీటి వనరు దూరమైన ప్రతిసారీ దగ్గరి చెరువు తన కాపలాదారును పోగొట్టుకుంది. ఇంటి కుళాయిలో కృష్ణా నీళ్లు వచ్చే మనిషికి ఈసీ వాగులో ఏం కలుస్తున్నదో పట్టదు. నాగార్జునసాగర్ కింద ఊళ్లు మునిగిన సంగతి, ఎల్లంపల్లిలో భూములు పోయినవారి సంగతి అతనికి తెలిసే దారి లేదు. నీళ్లు ఎత్తిపోసే మోటార్లకు కరెంటు ఇచ్చే బొగ్గు ఎక్కడి అడవి కింద నుంచి వచ్చిందో అసలే తెలియదు. అతను చెడ్డవాడేమీ కాదు. అతని బతుక్కీ ఆ బతుకుకు ఆధారమైన నేలకూ మధ్య ఉన్న దారి కనిపించకుండా పోయింది, అంతే.

ఈ మరుపు ఒక ప్రభుత్వ ఉత్తర్వులో అంకెలుగా మారడం మనం చూశాం. రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర పరీవాహకాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 84 గ్రామాల్లో, సుమారు లక్షా 32 వేల ఎకరాల్లో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకుండా అది అడ్డుకుంది. 2022 ఏప్రిల్ 12న జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. చూపిన కారణం ఇది. పాత ఉత్తర్వు వచ్చిననాడు నగరానికి రోజుకు 145 మిలియన్ గాలన్ల నీళ్లు సరఫరా అయ్యేవి, అందులో ఈ జలాశయాల వాటా 27.59 శాతం. 2022 నాటికి సరఫరా 602 మిలియన్ గాలన్లు, వీటి వాటా 1.25 శాతం కంటే తక్కువ. 2023 మే 18న మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది.

అంకెల మీద నాకు తగవు లేదు. ఆ అంకెల వెనక ఉన్న తత్వం మీదే నా తగవు. మనం తాగకపోతే ఆ చెరువుకు మన మీద హక్కు లేదని ఆ తత్వం చెబుతోంది. వరదను ఆపే పని, భూగర్భ జలాన్ని నింపే పని, ఎండాకాలం గాలిని చల్లబరిచే పని, చేపలకూ కొంగలకూ పశువులకూ నీళ్లిచ్చే పని ఏ శాతంలోనూ చేరలేదు. ఏ పని కోసం ఆ జలాశయాలు కట్టారో ఆ మొదటి పనే లెక్కలోకి రాలేదు.

3. మూడు సమాధానాలు, మన నేల మీద పరీక్ష

పర్యావరణ విధ్వంసానికి కారణమేమిటన్న ప్రశ్నకు ప్రపంచంలో బాగా చర్చకు వచ్చిన మూడు సమాధానాలు 1967, 1968 సంవత్సరాల్లో అమెరికాలో వెలువడ్డాయి. మూడింటినీ మన చెరువు కట్ట మీద నిలబెట్టి చూద్దాం.

మొదటిది చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం. ప్రకృతి మనిషి కోసమే సృష్టి అయిందని నేర్పిన మధ్యయుగాల పాశ్చాత్య క్రైస్తవం ఈ సంక్షోభానికి వేరు అని ఆయన వాదించాడు. మన దేశంలో చాలామందికి ఈ వాదం నచ్చింది. చెట్టుకూ పుట్టకూ నదికీ మొక్కే సంస్కృతి మనదని, తప్పు మనది కాదని చెప్పుకోవడానికి వీలిచ్చింది. కాని మొక్కే చేతులతోనే మనం మూసీని మురికి చేశాం. నది పవిత్రమైనదనే నమ్మకం ఒక్కోసారి దాన్ని ఏదీ మలినం చేయలేదనే ధీమాగా మారుతుంది. భక్తి ఉన్నంత మాత్రాన సంరక్షణ రాదు.

సంరక్షణ ఎప్పుడు వచ్చిందో కూడా మన చరిత్రలోనే ఉంది. చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాల్లో ఒకటిగా, కొడుకును కన్నంత పుణ్యంగా మన పూర్వులు ఎంచారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరున్న 1369 నాటి శాసనం చూడండి. చెరువు కట్టిన పుణ్యం చెప్పడంతో అది ఆగలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా వివరించింది. నమ్మకం కొలతతోనూ మరమ్మతుతోనూ ముడిపడినప్పుడు చెరువు నిలిచింది. నమ్మకం పండుగ రోజుకు పరిమితమైనప్పుడు చెరువు నిమజ్జనానికి మాత్రమే పనికొచ్చింది.

రెండో సమాధానం గారెట్ హార్డిన్‌ది. 1968లో రాసిన వ్యాసంలో ఆయన, అందరిదీ అయిన పచ్చిక బీడును ప్రతి ఒక్కడూ తన లాభం కోసం మేపుకుని చివరికి బోడి చేస్తాడన్నాడు. ఉమ్మడి ఆస్తి నాశనం కాక తప్పదని, ప్రభుత్వపరమో ప్రైవేటుపరమో కావాలని దాని సారాంశం. తెలంగాణ పల్లెలో చెరువు ఉమ్మడిదే. కాని అది ఎవరికి తోచినట్టు వారు వాడుకునే వనరుగా ఎన్నడూ లేదు. తూము ఎత్తి ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారించాలో నీరటి చూసుకునేవాడు. వంతులుండేవి. వేసవిలో పూడిక మట్టి తీసి పొలాలకు తోలుకునేవారు. మత్తడి ఎంత ఎత్తుండాలన్న దాని మీద ఊరూ ఊరూ తగవు పడి తీర్చుకునేవి. ఆ వంతుల్లో అందరికీ సమాన న్యాయం దొరికేదని నేననడం లేదు, కుల అంతస్తులు అక్కడా ఉండేవి. అయినా నియమం ఉండేది. ఇలాంటి ఉమ్మడి వ్యవస్థలను దేశదేశాల్లో అధ్యయనం చేసి, ప్రజలే నియమాలు పెట్టుకుని తరతరాలు వనరులను కాపాడుకోగలరని ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో తన పుస్తకంలో చూపింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి మన చెరువు ఎందుకు చెడింది? ఇక్కడ రైతు మిత్రులకు ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. కరెంటు మోటారు, బోరు వచ్చాక రైతుకు చెరువుతో పని తప్పింది. తన పొలంలో తన బోరు, తన నీళ్లు. తూము పాడైనా అడిగేవాడు లేడు, నీరటి అవసరం లేదు. కాని మనది రాతి నేల. పైన కొన్ని మీటర్ల లోతున కుళ్లిన రాయి, దాని కింద గట్టి గ్రానైట్. నీళ్లు దొరికేది ఆ పై పొరలో, రాతి పగుళ్లలో మాత్రమే. ఆ పగుళ్లలోకి నీళ్లు దింపేది చెరువే. చెరువు ఎండితే బోరు ఎండుతుంది, రెండు వందల అడుగుల బోరు వెయ్యి అడుగులకు పోతుంది. బోరు రైతును చెరువు నుంచి విడిపించలేదు, చెరువు మీద ఆధారాన్ని అతని కంటికి కనబడకుండా చేసింది. కృష్ణా పైపు నగరానికి చేసిందీ ఇదే. పల్లె చేసిందీ, పట్నం చేసిందీ ఒకే తప్పు.

మూడో సమాధానం జనాభా. 1968లోనే పాల్ ఎర్లిక్ జనాభాను బాంబుతో పోల్చుతూ పుస్తకం రాశాడు. మనుషులు పెరిగితే వాడకం పెరగడం నిజమే. కాని జలాశయం అంచున ఎకరాల్లో పచ్చగడ్డి పెంచుకున్న ఫామ్‌హౌస్‌లో ఎంతమంది ఉంటారు? రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఉండే వలస కూలీల కుటుంబం రోజుకు ఎన్ని బిందెల నీళ్లు వాడుతుంది? తలల లెక్క ఈ తేడాను దాచేస్తుంది. ఎవరు ఎంత వాడుతున్నారు, ఎవరి నిర్ణయంతో వాడుతున్నారు అన్నది అడగని సిద్ధాంతం నేరాన్ని పేదవాడి మీదికి తోస్తుంది.

4. వాలు మరిచిపోయిన గజం

ఆర్థిక చరిత్రకారుడు కార్ల్ పొలాన్యీ 1944లో ఒక విషయం స్పష్టంగా చెప్పాడు. భూమిని ఎవరూ అమ్మడం కోసం తయారుచేయలేదు, దాన్ని సరుకుగా చూడటం ఒక కల్పన. ఆ కల్పన ఆధారంగా సమాజాన్ని నడిపితే సమాజమే చెదిరిపోతుందన్నాడు. ఆ మాట అర్థం కావడానికి శంషాబాద్ కంటే మంచి చోటు లేదు.

2008 మార్చిలో ఇక్కడ సుమారు 5,500 ఎకరాల్లో కొత్త విమానాశ్రయం మొదలైంది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. చాలా ఇళ్లకు ఉద్యోగాలొచ్చాయి, పిల్లలు చదువుకున్నారు, దూరదేశాల్లో ఉన్నవాళ్లు పండుగలకు ఇంటికి రాగలుగుతున్నారు. అది రాకూడదని చెప్పే మనిషిని కాను నేను. దానితోపాటు వచ్చిన కొలమానం గురించి మాత్రం చెప్పాలి. ఎకరాల్లో లెక్కించే నేల గజాల్లోకి మారింది. ఎకరం పొలానికి ఒక వాలుంటుంది. వాన నీళ్లు ఎటు పోతాయో, ఏ కుంటలోకి చేరతాయో, ఎక్కడ మొరం ఉండి నీళ్లు ఇంకుతాయో సాగు చేసే రైతుకు తెలుసు. గజానికి ఆ వాలు లేదు. రోడ్డు ముఖం, విమానాశ్రయానికి ఎంత దూరం, ఎన్నేళ్లలో రెట్టింపవుతుంది, ఇవే దానికి గుర్తులు. ఈ చూపులో నాలా అంటే వృథాగా పోయిన ప్లాటు. చెరువు నిండితే మునిగే శిఖం భూమి అంటే ఏడాదిలో ఎనిమిది నెలలు ఖాళీగా పడి ఉన్న స్థలం.

వాన మాత్రం వాలును మరిచిపోదు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులోనే సుమారు 32 సెంటీమీటర్లు కురిసింది. 1908లో శంషాబాద్‌లో ఒక్కరోజున పడిన వానకు అది దాదాపు సమానం. ఆ రాత్రి మన పక్కనే ఉన్న గగన్‌పహాడ్‌లో అప్పచెరువు తెగింది. నీళ్లు జాతీయ రహదారి మీదికి వచ్చాయి. ఇళ్లు మునిగాయి, మనుషులు కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. ఈ సభలో ఉన్న చాలామంది ఆ రాత్రిని చూశారు. 2024 ఆగస్టులో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఆ చెరువులో ఆక్రమణలను కూల్చింది. కూల్చడం అవసరమే కావచ్చు. కాని అది అన్నిటికంటే చివరి మెట్టు. శిఖంలో లేఅవుట్ గీసిన రోజున, అనుమతి మీద సంతకం పడిన రోజున, రిజిస్ట్రేషన్ జరిగిన రోజున ఎవరూ ఆపలేదు. చివరికి అప్పు చేసి గది కట్టుకున్నవాడి ఇంటి ముందుకు యంత్రం వచ్చింది.

నేల మీద సిమెంటు పడితే జరిగేది ఇది. పొలంలో పడిన వాన కొంత ఇంకుతుంది, కొంత గట్టు దగ్గర ఆగుతుంది, మిగిలింది మెల్లగా వాగు చేరుతుంది. పైకప్పు మీద, తారు రోడ్డు మీద పడిన వాన దాదాపు అంతా వెంటనే పారుతుంది. గంటల్లో రావాల్సిన నీళ్లు నిమిషాల్లో వస్తాయి. వాన పెరగకపోయినా వరద పెరుగుతుంది. లక్షా 32 వేల ఎకరాల పరీవాహకంలో ఇదే జరిగితే హిమాయత్‌సాగర్ గేట్లు ఎన్నిసార్లు ఎత్తాలో, కింద మూసీ ఒడ్డున ఎన్ని బస్తీలు ఖాళీ చేయించాలో ఊహించుకోండి. నగరం ఆ నీళ్లను తాగకపోవచ్చు, వాటి కిందే బతుకుతోంది.

5. ఎగువ రైతు అడిగే ప్రశ్న

ఇంతవరకూ విన్న రైతు మిత్రులు మనసులో ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. ‘రోడ్డుకు ఆ పక్క ఎకరం కోట్లు పలుకుతుంటే, ఈ పక్క మా ఎకరం పాతికేళ్లుగా ఆంక్షల్లో ఉంది. బిడ్డ పెండ్లికి అమ్ముదామంటే ధర రాదు. పట్నపోళ్ల నీళ్ల కోసం మేమే ఎందుకు నష్టపోవాలె?’

ఇది న్యాయమైన ప్రశ్న. పర్యావరణవాదం చాలాసార్లు దీనికి జవాబు చెప్పకుండా తప్పించుకుంది. మనుషుల్లేని అడవిని ఆదర్శంగా పెట్టుకున్న పాశ్చాత్య డీప్ ఎకాలజీ, పేద దేశాల్లో పేదల మీద భారంగా మారుతుందని రామచంద్ర గుహ 1989లోనే హెచ్చరించాడు. పచ్చదనం కోసం ఎవరు మూల్యం చెల్లిస్తున్నారని అడగాలన్నాడు. జీవో 111 విషయంలో జరిగింది సరిగ్గా అదే. 84 గ్రామాలు నగరాన్ని కాపాడాయి. నగరం వాటికి ఏమీ చెల్లించలేదు. ఉద్యోగాల్లో, రోడ్లలో, బడుల్లో, ఆసుపత్రుల్లో ఏ ప్రత్యేక వాటా ఇవ్వలేదు. చివరికి ఆ అసంతృప్తే ఉత్తర్వు రద్దుకు బలమైన వాదనగా మారింది. న్యాయం లేని సంరక్షణ ఎక్కువకాలం నిలబడదు.

జవాబు మన చరిత్రలోనే ఉంది. విజయనగర కాలం నుంచి తెలుగు నేల మీద దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవారికి, దాన్ని బాగుచేస్తూ ఉండేవారికి ఆయకట్టులో పదో వంతు వరకూ ఇనాంగా ఇచ్చేవారు. కింద పంట పండించుకునేవాడు పైన కట్ట కాసేవాడికి వాటా ఇవ్వాలన్న నియమమది. కాపలా దానధర్మం మీదో దేశభక్తి మీదో నడవదని, దానికి బతుకుతెరువు ఉండాలని మన పూర్వులు గుర్తించారు.

ఇదే సూత్రాన్ని మన కాలంలో న్యూయార్క్ నగరం పాటించింది. ఆ నగరానికి నీళ్లు క్యాట్‌స్కిల్ కొండల నుంచి వస్తాయి. శుద్ధి కర్మాగారం కట్టాలంటే వందల కోట్ల డాలర్లు కావాలి. దానికి బదులుగా 1997లో ఎగువ పట్టణాలతోనూ రైతులతోనూ ఒప్పందం చేసుకుంది. వాగుల అంచులు కాపాడినందుకు, పేడ, ఎరువులు నీటిలో కలవకుండా చూసినందుకు వారికి డబ్బు చెల్లించింది, భూములు న్యాయమైన ధరకు కొన్నది. హైదరాబాద్ నీటి బిల్లులో, రిజిస్ట్రేషన్ రుసుములో ఒక చిన్న వాటా పరీవాహక గ్రామాలకు ఎందుకు వెళ్లకూడదు? పొలాన్ని పొలంగా ఉంచిన రైతుకు ఏటేటా నీటి కూలి ఎందుకు ఇవ్వకూడదు? అభివృద్ధి హక్కును మరోచోట అమ్ముకునే వీలు అతనికి ఎందుకు కల్పించకూడదు? ఆంక్ష ఒక్కటే పెట్టి చేతులు దులుపుకోవడం అన్యాయం. అన్యాయం జరిగిందని ఆంక్షనే ఎత్తేయడం రెండో అన్యాయం, దాన్ని భరించేది మూసీ ఒడ్డున ఉండే పేదలు.

6. పెద్దషాపూర్ తగవులో బలపడిన న్యాయసూత్రం

ఈ శంషాబాద్ మండలంలోని విద్యార్థులకు తప్పక తెలియాల్సిన ఒక సంగతి ఉంది. జలాశయాలకు పది కిలోమీటర్ల లోపల ఉన్న పెద్దషాపూర్‌లో ఆముదం నూనె నుంచి రసాయనాలు తయారుచేసే ఒక కర్మాగారం పెట్టారు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. ఆ కర్మాగారం నుంచి వెలువడే వ్యర్థాల్లో నికెల్ కూడా ఉంది. ప్రభుత్వమే ఒక ఉత్తర్వుతో ఆ సంస్థకు ఆంక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా అది దేశమంతటా న్యాయ విద్యార్థులు చదివే కేసు.

1999 జనవరిలో మొదటి తీర్పు, 2000 డిసెంబర్‌లో రెండో తీర్పు వచ్చాయి. ఆ తీర్పుల్లో ముందుజాగ్రత్త సూత్రాన్ని తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు విపులంగా చర్చించారు. ఆ సూత్రం ప్రకారం, లక్షలమంది నీళ్లకు, గాలికి హాని కలగవచ్చన్న అనుమానం ఉన్నప్పుడు, శాస్త్రం తుది మాట చెప్పేదాకా ఆగనక్కర్లేదు. హాని ఉందని ప్రజలు నిరూపించాల్సిన పనిలేదు, హాని లేదని కట్టేవాడే నిరూపించాలి. ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు చెల్లదని కోర్టు తేల్చింది. పర్యావరణ వ్యాజ్యాలు వినే చోట శాస్త్రజ్ఞులు కూడా ఉండాలని సూచించింది. 2003లో లా కమిషన్ అధ్యక్షుడిగా అదే జగన్నాధరావు పర్యావరణ కోర్టులు పెట్టాలని 186వ నివేదికలో సిఫారసు చేశారు. 2010లో పార్లమెంటు జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం చేసింది. ఆ చట్టానికి దారి తీసిన తగవుల్లో ఒకటి ఈ మండలంలోనే పుట్టింది.

తత్వశాస్త్రానికి ఈ సూత్రం ఎంతో విలువైనది. అమెరికా అటవీశాస్త్రజ్ఞుడు ఆల్డో లియోపాల్డ్ పుస్తకం 1949లో వచ్చింది. మనిషి నేలకు యజమాని కాదని, నేల, నీరు, మొక్కలు, జంతువులతో కూడిన సంఘంలో ఒక సభ్యుడని అందులో చెప్పాడు. గొప్ప మాటే, అయితే సంఘంలో మాట్లాడలేని సభ్యుల తరఫున ఎవరు నిలబడాలి? ముందుజాగ్రత్త సూత్రం దీనికి ఆచరణలో జవాబు చెబుతుంది. చెరువు సాక్ష్యం చెప్పలేదు కాబట్టి, చెరువును తాకదలచినవాడే సాక్ష్యం తేవాలి. కంటికి కనిపించని ఆధారాన్ని చట్టం కంటికి కనిపించేలా చేసిన సందర్భమది.

7. మన చేతిలో ఉన్నది

మరిచిపోయిన ఆధారాన్ని మళ్లీ చూడగలగడమే మొదటి పని. మూసీ అనంతగిరి కొండల్లో ఎక్కడ పుడుతుందో, ఈసీ ఏ ఊళ్ల గుండా హిమాయత్‌సాగర్ చేరుతుందో, తన ఇంటి పైకప్పు మీద పడిన వాన ఏ నాలాలో కలుస్తుందో ప్రతి బడిలో ప్రతి పిల్లా పిల్లాడూ గీయగలగాలి. ఇందుకు డబ్బు అక్కర్లేదు. ఉపాధ్యాయులు సంకల్పిస్తే చాలు.

రెండో పని ప్రభుత్వానిది. ప్రతి చెరువుకూ పూర్తి నీటిమట్టం హద్దు కొలిచి, రాళ్లు పాతి, పటాలు ఊళ్లో అందరికీ కనిపించే చోట పెట్టాలి. ఆ హద్దులోని సర్వే నంబర్లకు రిజిస్ట్రేషన్ ఆగిపోవాలి. అప్పుడు పేదవాడు తెలియక కొనడు, రేపు అతని ఇల్లు కూల్చాల్సిన అవసరం రాదు. జలాశయాల భవిష్యత్తు గురించి ఏ నిర్ణయమైనా మంచినీటి శాతం ఒక్కటే చూసి తీసుకోకూడదు. వరద రక్షణ, భూగర్భ జలం, దిగువ బస్తీల భద్రత కూడా లెక్కలో చేరాలి.

మూడోది నగరం తీర్చాల్సిన బాకీ. దశబంధం వంటి ఏర్పాటును ఈ కాలానికి తగ్గట్టు చట్టంలోకి తేవాలి. ఎగువ గ్రామాల రైతులు రాయితీ అడుక్కునేవాళ్లు కారు, నగరానికి సేవ చేస్తున్నవాళ్లు. సేవకు ప్రతిఫలం ఇవ్వాలి.

నాలుగోది మనందరిదీ. ఈ ఊళ్లో రేపు ఏ లేఅవుట్ వచ్చినా, ఏ గోదాము వచ్చినా, ఏ రోడ్డు వచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ పడే వాన ఇప్పుడు ఎటు పోతున్నది? ఆ దారి మూస్తే నీళ్లు ఎవరి ఇంట్లోకి వెళతాయి? ఏ హానీ లేదని చెబుతున్నవాడి దగ్గర రుజువు ఏమున్నది? జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి, పెట్టనివ్వకండి. ఇలా అడిగే హక్కును పెద్దషాపూర్ తగవులో సుప్రీంకోర్టు మనకు స్పష్టం చేసింది.

మనం తాగని చెరువు ఎవరిది అని ఈ ఉపన్యాసానికి పేరు పెట్టాను. దాని కట్ట తెగితే ఎవరు మునుగుతారో వారందరిదీ, అది ఎండితే ఎవరి బోరు ఎండుతుందో వారందరిదీ, మన తర్వాత ఈ నేల మీద పుట్టబోయేవారిదీ ఆ చెరువు. దాని విలువ తేల్చే అధికారం ఈ ఒక్క తరం నీటి బిల్లుకు లేదు. ఈ మాట ఇక్కడి సభలో అనుకుని వదిలేయకుండా వచ్చే వార్డు సభలో, పంచాయతీ సమావేశంలో, రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమ్మం ముందు అడుగుదాం. అడగడానికి ముందుకొచ్చేవారి వెంట నేనూ నిలబడతానని ఈ సభాముఖంగా మాట ఇస్తున్నాను.